కన్నం ఒకటే, కథలు వేరు

డాలస్ చుట్టుపక్కల ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా, పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు అడుగుతారు: "కంప్యూటర్లవాడివేగా, మా మానిటర్‌కి ఏ వైరు కొనాలో చెప్పు." నేను రోజంతా కుస్తీ పట్టేది డేటాబేసులతో. కంప్యూటర్లవాడు కాబట్టి వైర్లు తెలిసుండాలనడం, నవలలు రాస్తాడు కాబట్టి అచ్చు యంత్రం బాగుచేస్తాడనుకోవడం లాంటిది. అయినా అడిగినవాళ్ళకల్లా వెతికి చెబుతూ చెబుతూ నాకే కాస్త పట్టుబడింది. ఒకచోట రాసిపెడితే మీకూ నాకూ పని తగ్గుతుందని ఈ టపా.

ముందే ఒక మాట. ఇలా అడిగేవాళ్ళలో చాలామంది అప్పటికే ఒకటో రెండో వైర్లు కొని, బొమ్మ రాక, సొరుగులో పడేసినవాళ్ళే. "నాకివన్నీ తెలీవులే" అంటూ కొంచెం సిగ్గుపడుతూ అడుగుతారు. సిగ్గుపడాల్సింది వాళ్ళు కాదు. కన్నం ఆకారం చూసి అందులో పట్టే వైరు కొనడం ఎవరైనా చేసే పనే. కరెంటు ప్లగ్గు దగ్గర్నుంచి నీళ్ళ పైపు దాకా లోకం మనకి నేర్పింది అదే: పట్టిందంటే పనిచేస్తుంది. వీడియో వైర్ల దగ్గర మాత్రం ఆ నమ్మకం చెల్లదు. పట్టడం వేరు, బొమ్మ రావడం వేరు.

ముందు జాతకాలు కలవాలి

వైరు గుచ్చగానే కంప్యూటర్ బొమ్మ పంపించేస్తుందనుకుంటాం. నిజానికి మొదట వెళ్ళేది బొమ్మ కాదు, జాతకం. అదీ తెర నుంచి కంప్యూటర్ వైపు. ప్రతి మానిటర్‌లోనూ, టీవీలోనూ ఈడీఐడీ అనే చిన్న సమాచారపు మూట ఉంటుంది. దాని అసలు పరిమాణం 128 బైట్లే. నన్ను తయారుచేసింది ఎవరు, నా మీద ఎన్ని చుక్కలు పడతాయి, సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మార్చగలను అన్న వివరాలు అందులో రాసి ఉంటాయి. కంప్యూటర్ అది చదివి, తన శక్తితో పొంతన చూసుకుని, ఇద్దరికీ కుదిరే బొమ్మ పంపుతుంది. మధ్యలో వైరు పెళ్ళిళ్ళ పేరయ్య. కబురు సరిగ్గా చేరకపోతే సంబంధం తప్పిపోతుంది. తెర మీద "నో సిగ్నల్" అని పడుతుంది.

వైరు పీకి మళ్ళీ పెట్టడం, తెర ఆపి మళ్ళీ వెయ్యడం అనే నాటువైద్యం చాలాసార్లు ఫలించడానికి కారణం ఇదే. పెళ్ళిచూపులు మళ్ళీ మొదటినుంచి జరిపిస్తున్నాం, అంతే.

నాలుగు వంశాలు

అందరికంటే పెద్దాయన వీజీఏ. ఐబీఎమ్ 1987లో తెచ్చింది. 15 పిన్నులు, పక్కన రెండు స్క్రూలు, ఎక్కువగా నీలం రంగు. అది మోసేది అనలాగ్ సంకేతం. బొమ్మ మాత్రమే వస్తుంది, శబ్దం రాదు. పాతబడిపోయిందనుకుంటాం కానీ అద్దెకి తీసుకునే హాళ్ళలో, కాలేజీల్లో గోడకి వేలాడే ప్రొజెక్టర్లకి ఇంకా ఇదే ఉంటుంది.

తరవాత 1999లో డీవీఐ వచ్చింది. వెడల్పాటి ప్లగ్గు, చాలామటుకు తెల్లగా ఉంటుంది. 2002 చివర్లో హెచ్‌డీఎమ్ఐ వచ్చింది. 19 పిన్నులు, బొమ్మా, మాటా ఒకే వైరులో వస్తాయి. టీవీలన్నిటికీ ఇదే. 2006లో డిస్‌ప్లేపోర్ట్ వచ్చింది. దీన్ని రూపొందించిన సంస్థ పేరు వీసా (మనకి నిద్రపట్టనివ్వని వీసా కాదులెండి). ప్లగ్గుకి ఒక మూల కోసినట్టుంటుంది. చాలా వైర్లకి చిన్న కొక్కెం కూడా ఉంటుంది. పైనున్న మీట నొక్కకుండా లాగితే కొక్కెమో, కన్నమో విరుగుతుంది.

దుబాసీ ఎటు మాట్లాడతాడు?

అడాప్టర్ అంటే చాలామందికి రెండు ఆకారాల్ని కలిపే ముక్క. కొన్నిచోట్ల అంతే. డీవీఐ, హెచ్‌డీఎమ్ఐలలో డిజిటల్ బొమ్మ భాష ఒకటే, అందుకని వాటి మధ్య ఉత్త పిన్నులు కలిపే చవక ముక్క చాలు, ఎటువైపైనా పనిచేస్తుంది. శబ్దం వస్తుందని మాత్రం నమ్ముకోవద్దు.

భాషలు వేరైనప్పుడు మధ్యలో దుబాసీ కావాలి. అంటే అడాప్టర్ లోపల ఒక చిప్పు ఉండాలి. ఈ దుబాసీకి అనువాదం ఒకవైపే వచ్చు. హెచ్‌డీఎమ్ఐ నుంచి వీజీఏకి మార్చే ముక్కని తిరగేసి వీజీఏ ల్యాప్‌టాప్‌ని కొత్త టీవీకి కలిపితే ఏమీ జరగదు. దానికి వేరే దుబాసీ కావాలి. అందుకే డబ్బా మీద రాసిన పేరులో మధ్యనున్న "టు" అన్న రెండక్షరాల ఇంగ్లీషు ముక్క అన్నిటికంటే ముఖ్యం. ముందు రాసింది కంప్యూటర్ వైపు, తరవాత రాసింది తెర వైపు.

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది డిస్‌ప్లేపోర్ట్ దగ్గర. కంప్యూటర్లకుండే డిస్‌ప్లేపోర్టుల్లో చాలావాటికి హెచ్‌డీఎమ్ఐ భాష కూడా వచ్చు. కాబట్టి డిస్‌ప్లేపోర్ట్ కంప్యూటర్ నుంచి హెచ్‌డీఎమ్ఐ టీవీకి చవక వైరుతో పని జరిగిపోతుంది. తిరగేస్తే జరగదు. హెచ్‌డీఎమ్ఐ ఉన్న ల్యాప్‌టాప్ నుంచి డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే ఉన్న మానిటర్‌కి వెళ్ళాలంటే చిప్పున్న కన్వర్టర్ కావాలి. సాధారణంగా దానికి కరెంటు అందించే యూఎస్‌బీ తోక కూడా ఉంటుంది. రెండు డబ్బాల మీదా దాదాపు ఒకే బొమ్మ ఉంటుంది. ధరలో మాత్రం చాలా తేడా ఉంటుంది.

ఇంకో చిక్కు. ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్ బొమ్మ ప్రొజెక్టర్ మీద చక్కగా వస్తుంది, సినిమా పెట్టగానే నలుపు. ఇది వైరు లోపం కాకపోవచ్చు. కాపీ కొట్టకుండా హెచ్‌డీసీపీ అనే తాళం ఉంటుంది. వీజీఏకి ఆ తాళంచెవి లేదు. అటువంటప్పుడు ఎన్ని అడాప్టర్లు మార్చినా లాభం లేదు, హెచ్‌డీఎమ్ఐ ఉన్న తెర వెతుక్కోవాలి.

సీ-టైపు మాయ

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 2014లో యూఎస్‌బీ సీ-టైపు వచ్చింది. ఎటు తిప్పి పెట్టినా పడుతుంది, 24 పిన్నులు, ఛార్జింగ్, ఫైళ్ళు, వీడియో అన్నీ ఒకే కన్నంలోంచి పోవచ్చు. చిక్కంతా ఆ "పోవచ్చు" దగ్గరే. పోయి తీరాలని నియమం లేదు.

మా నాన్నగారు తెనాలిలో ఒక్కరే ఉంటారు. చూపు మందగించింది. ఫోన్లో మనవరాలి ముఖం మసగ్గా కనిపిస్తోందంటే, ఎదురుగా గోడమీదున్న 43 అంగుళాల టీవీలో చూపిద్దామనుకున్నాం. ఫోనుకి సీ-టైపు, టీవీకి హెచ్‌డీఎమ్ఐ ఉన్నాయి కదా అని అక్కడొక కొట్టువాడు రెంటినీ కలిపే వైరు ఇచ్చాడు. రెండు కొసలూ చక్కగా పట్టాయి. బొమ్మ రాలేదు. రెండ్రోజులు ప్రయత్నించి నాన్నగారు నాకు ఫోన్ చేసి, "టీవీ పాడైనట్టుందిరా. నేనే ఏదో నొక్కి ఉంటాను. పోనీలే, గొంతు వినిపిస్తోందిగా, చాలు" అన్నారు.

ఆ మాటే నన్ను కదిలించింది. ఆయన ఏమీ నొక్కలేదు. టీవీ పాడవలేదు, వైరూ పాడవలేదు. ఫోను మోడల్ వివరాలు తీసి చూస్తే యూఎస్‌బీ 2.0 అని రాసి ఉంది. అంటే ఆ కన్నానికి ఛార్జింగూ, నెమ్మది ఫైళ్ళ రవాణా మాత్రమే వచ్చు. వీడియో పంపే విద్య దానికి నేర్పలేదు. ఆ విద్య పేరు డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్. ఖరీదైన ఫోన్లలో కొన్నిటికి ఉంటుంది, చవక ఫోన్లలో చాలావాటికి ఉండదు. బయటినుంచి రెండు కన్నాలూ కవలపిల్లలే.

ఇంట్లో మా చెల్లి వదిలేసిన పాత ల్యాప్‌టాప్ ఉంది. దానికి హెచ్‌డీఎమ్ఐ ఉంది. మూడు మీటర్ల మామూలు హెచ్‌డీఎమ్ఐ వైరు తెప్పించాం, అడాప్టర్ అవసరమే పడలేదు. ఇప్పుడు మాకు శనివారం రాత్రి, ఆయనకి ఆదివారం పొద్దున. పాపకి పైపన్ను ఊడిందని చెప్పకముందే ఆయనే కనిపెట్టారు.

కాబట్టి సీ-టైపుతో వీడియో కావాలంటే మూడు చూడండి. ల్యాప్‌టాప్ కన్నం పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తు (డీ అక్షరంలో పీ ఇమిడినట్టుంటుంది) గానీ, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తు గానీ ఉందా? గుర్తు లేకపోతే మోడల్ వివరాల్లో వీడియో ప్రస్తావన ఉందా? వైరు ఫోన్ ఛార్జర్‌తో వచ్చిందా? ఛార్జర్‌తో వచ్చే సీ-టైపు వైర్లలో చాలావాటికి లోపల వేగపు తీగలే ఉండవు. వాటితో వీడియో రాదు.

ఎన్ని చుక్కలు, ఎన్నిసార్లు

వైరు ఎంత మొయ్యాలో లెక్క కట్టడం కష్టం కాదు. 1920 చుక్కలు అడ్డం, 1080 నిలువు, చుక్కకి 24 బిట్లు, సెకనుకి 60 సార్లు. గుణిస్తే సెకనుకి దాదాపు 300 కోట్ల బిట్లు. ఫోర్‌కే తెరకి చుక్కలు దీనికి నాలుగింతలు, అంటే దాదాపు 1200 కోట్ల బిట్లు. హెచ్‌డీఎమ్ఐ 1.4 కాలపు పరికరాలు నికరంగా మోసేది సుమారు 800 కోట్లు. అందుకే ఫోర్‌కే మానిటర్ కొన్నాక సెకనుకి 30 సార్లే వచ్చి, మౌస్ బాణం గెంతుతూ నడుస్తుంటుంది. పాత డాకులతో, చవక అడాప్టర్లతో ఇది తరచూ కనిపించే జబ్బు. డబ్బా మీద "ఫోర్‌కే" అని చూసి ఆగిపోకండి, పక్కన 30 ఉందో 60 ఉందో చూడండి.

హెచ్‌డీఎమ్ఐ వైర్లకి 2.0, 2.1 అన్న అంకెలు నిజానికి వర్తించవు, అవి పరికరాలవి. వైర్లకి తరగతులుంటాయి. ఫోర్‌కే 60కి "ప్రీమియం హై స్పీడ్", అంతకు మించితే "అల్ట్రా హై స్పీడ్". ఈ రెంటికీ డబ్బా మీద స్కాన్ చేసి చూసుకునే ధ్రువీకరణ చీటీ ఉంటుంది. అది ఉంటే చాలు. బంగారు పూత తుప్పు పట్టకుండా కాపాడుతుంది గానీ బొమ్మకి మెరుగు పెట్టదు. డిజిటల్ సంకేతం సరిగ్గా చేరితే పూర్తి బొమ్మ వస్తుంది. చేరకపోతే మెరుపు చుక్కలు, మధ్యమధ్య నల్లతెర. ఖరీదైన వైరుతో రంగులు బాగుంటాయన్నది కొట్టువాడి కవిత్వం.

పొడవు మాత్రం లెక్కలోకి వస్తుంది. రెండు మూడు మీటర్ల దాకా బెంగలేదు. ప్రొజెక్టర్ కోసం గది దాటి తీసుకెళ్ళాలంటే ఆప్టికల్ హెచ్‌డీఎమ్ఐ వైరు వాడతారు. దానికి దిక్కు ఉంటుంది, ఒక కొస కంప్యూటర్‌కి, ఒక కొస తెరకి. గోడలోంచి లాగేముందే కొసల మీద రాసింది చదవండి.

రెండు తెరలు పెట్టుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఒకే సీ-టైపు నుంచి రెండు మానిటర్లకి పంచే మామూలు డాకుల్లో చాలావాటితో విండోస్‌లో రెండు వేర్వేరు బొమ్మలు వస్తాయి. ఆపిల్ మ్యాక్‌లో రెంటిమీదా ఒకటే బొమ్మ పడుతుంది. ఎమ్1, ఎమ్2 చిప్పుల మామూలు మ్యాక్‌బుక్ ఎయిర్‌లకి అసలు బయటి తెర ఒకటే. మరొకటి కావాలంటే డిస్‌ప్లేలింక్ చిప్పున్న డాకు కొని, సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. డాకు వాపసు గడువు దాటకముందే రెండు తెరలూ పెట్టి చూసుకోండి.

కొనేముందు

వరస ఇది. మొదట కంప్యూటర్ ఏం పంపగలదో దాని మోడల్ వివరాల్లో చూడండి. తరవాత తెరకి ఏం పడుతుందో చూడండి. ఆపైన ఎన్ని చుక్కలు, ఎన్నిసార్లు కావాలో తేల్చుకోండి. ఈ మూడూ ఒక చీటీ మీద రాసుకున్నాక వైరు సంగతి. రెండు వైపులా ఒకే వంశం దొరికితే అడాప్టర్ జోలికి పోవద్దు. మధ్యవర్తులు తగ్గిన కొద్దీ తగువులు తగ్గుతాయి.

సొరుగులో ఉన్న వైర్లని కూడా ఒక ఆదివారం బయటికి తియ్యండి. ఒక్కోదాన్నీ పెట్టి చూసి, కాగితం టేపు ముక్క చుట్టి, "ఛార్జింగ్ మాత్రమే", "ఫోర్‌కే 60 వస్తుంది", "ల్యాప్‌టాప్ నుంచి ప్రొజెక్టర్‌కి" అని తెలుగులోనే రాయండి. ఊళ్ళో అమ్మానాన్నలకి పంపే వైరుకైతే తప్పకుండా రాయండి. బొమ్మ రానప్పుడు వాళ్ళు తమని తాము అనుమానించుకోకుండా, ముందు ఆ చీటీ చదువుకుంటారు.