శరీరానికీ హక్కుంది

కానిస్టేబుల్ ఉద్యోగం కోరే యువకుడు 1600 మీటర్లను 8 నిమిషాల్లో పరుగెత్తాలి. అందుకే విశాఖ బీచ్ రోడ్డులో ఫజ్ర్ నమాజు ముగించుకొని నేరుగా పరుగుకు వచ్చే మన పిల్లలు కనిపిస్తుంటారు. కొన్ని వారాలకు కొందరికి కాళ్లు బరువెక్కుతాయి, నిద్ర పట్టదు, నిన్న సునాయాసమైన దూరమే నేడు భారమవుతుంది. ఇంట్లోవారు దాన్ని సోమరితనమంటారు. ఆ మాట పడలేక అబ్బాయి మరింత పరుగెత్తుతాడు, మరింత నీరసిస్తాడు.

పరుగు కండరాన్ని అలయిస్తుంది. దానికి బలం చేకూరేది విశ్రాంతిలోనే. పైగా సముద్రపు తేమగాలిలో చెమట త్వరగా ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఇక ఉక్కు కర్మాగారంలో రాత్రి షిఫ్టు ముగించి పరుగెత్తేవారి సంగతి చెప్పనక్కరలేదు. ఉదయం లేవగానే నాడి చూసుకోవాలి. అది రోజూ కంటే వేగంగా ఉంటూ, కొన్నాళ్లు విశ్రమించినా అలసట తీరకపోతే వైద్యుని సంప్రదించి హిమోగ్లోబిన్, ఇనుము నిల్వలు పరీక్ష చేయించాలి. పరుగెత్తే ఆడపిల్లలకు ఇది మరీ అవసరం. భోజనం కాగానే టీ తాగే మన ఇళ్ల అలవాటు ఆహారంలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) నిత్యం పగలు ఉపవాసంలో, రాత్రి నమాజులో గడిపేవారు. దైవప్రవక్త (స) వారించి, దేహానికీ కళ్లకూ ఆయనపై హక్కు ఉందని తెలిపారు. సహీహ్ బుఖారీలోని ఉల్లేఖనమిది. ఆరాధనకే హద్దు ఉన్నప్పుడు పరుగుకు లేదనగలమా? ఖుర్ఆన్ కంఠస్థం చేసే పిల్లలకు సైతం మేము జుమా నాడు పాఠం పెట్టము. పరుగెత్తే బిడ్డకూ వారంలో అలాంటి రోజొకటి తల్లిదండ్రులే కేటాయించాలి.