ఏజెన్సీ అంటే కొండలే

పాలకొండలో బస్సెక్కి "ఏజెన్సీకి వెళ్తున్నాం" అంటే సీతంపేట కొండలకన్నమాట. అదే ఊళ్లో "ఏజెన్సీకి ఫోన్ చెయ్యండి" అంటే గ్యాస్ సిలిండరు రాలేదని. ఎవరూ తడబడరు.

ఒకరి తరఫున పని చేయడం, ఆ పని చేసే కార్యాలయం, వార్తా సంస్థ, గూఢచారి సంస్థ, తన ఇష్టప్రకారం నడుచుకునే శక్తి - ఇంగ్లీషులో ఈ మాటకు ఇన్ని అర్థాలు. మూలం 'చేయడం' అనే లాటిన్ ధాతువు. కొండ అనే అర్థం మాత్రం మన దగ్గర పుట్టింది.

1830ల మొదట్లో పర్లాకిమిడి, పాలకొండ జమీందారీల్లో ఈస్టిండియా కంపెనీ పాలనపై తిరుగుబాట్లు రేగాయి. వాటిని అణచడానికి మద్రాసు ప్రభుత్వం జార్జి రస్సెల్‌ను పంపింది. మైదానపు కోర్టులూ నిబంధనలూ ఇక్కడ పనికిరావని, అధికారమంతా కలెక్టరు చేతికే ఇవ్వాలని ఆయన సలహా. ఆ ప్రకారమే 1839లో 24వ చట్టం వచ్చింది. గంజాం, విశాఖపట్నం కలెక్టర్లు ఆ ప్రాంతాలకు 'గవర్నరు ఏజెంట్లు' అయ్యారు. సివిలు తగాదా అయినా, క్రిమినల్ కేసయినా తీర్పు వాళ్లదే. ఏజెంటు మాట చెల్లే నేల ఏజెన్సీ అయింది.

మొదట్లో ఆ గీత లోపల మైదానపు జమీందారీలూ ఉండేవి. తర్వాత విజయనగరం వంటి వాటిని తప్పించారు. కొండలు మిగిలాయి, పేరు వాటికే అతుక్కుంది.

రాజ్యాంగం ఐదో షెడ్యూలు 'షెడ్యూల్డు ప్రాంతాలు' అంది. జనం మాత్రం ఏజెన్సీనే పట్టుకున్నారు. అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో ఒక రెగ్యులేషన్ చేశారు, 1970లో బిగించారు. 'వన్ ఆఫ్ సెవెంటీ'గా అందరి నోటా నలిగేది ఆ సవరణే. దాని కింద అప్పీలు వినే 'ఏజెంటు' ఇప్పటికీ ఉన్నాడు. ఆ హోదా కలెక్టరుదే. అడ్డగోలుగా చేజారిన పొలం కోసం తిరిగే సవర, జాతాపు రైతులకు ఈ పాత మాట చాలా బరువైనది. గవర్నరు తరఫున పుట్టిన పదవి వాళ్ల తరఫున నిలబడటమే న్యాయం.

గిరిజనాభివృద్ధి కోసం పనిచేసే సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏల పేరులోని చివరి అక్షరం కూడా ఏజెన్సీయే. అంటే ఏజెన్సీలో మరో ఏజెన్సీ!

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన జిల్లాకు పార్వతీపురం మన్యం అని తెలుగు పేరే పెట్టారు. బదిలీ కాగితం అందుకున్న టీచరు మాత్రం ఇంటికొచ్చి చెప్పేది ఇదే: "ఏజెన్సీలో పడింది."