మొదటి విడతలో సీటు రాకుంటే...

ఇంటర్ ఫలితాలు వెలువడి, ప్రవేశ పరీక్షల ర్యాంకులు తెలిసి, సీట్ల కేటాయింపు మొదలయ్యే రోజుల్లో కోయిలకుంట్లలో ఏ నలుగురు కలిసినా ఒకటే ప్రశ్న: "మీ పిల్లకు సీటొచ్చిందా? ఎక్కడ?" వచ్చిందన్న ఇంట్లో మిఠాయి పంచుతారు. రాలేదన్న ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగించాలన్నా మనసు రాదు. బంధువుల ఫోన్లు ఎత్తాలంటే మొహమాటం. జుమా నమాజు ముగిశాక మస్జిదు మెట్ల మీద ఎవరైనా పలకరిస్తే ఏం చెప్పాలో తెలియదు.

ఆ దిగులులో మన కుటుంబాలు సాధారణంగా మూడు నిర్ణయాల్లో ఏదో ఒకటి తీసుకుంటాయి. అబ్బాయి అయితే, "చదివింది చాలు, మామూ షాపులో కూర్చోబెడదాం. పాస్‌పోర్టు వచ్చాక గల్ఫ్ పంపుదాం" అనుకుంటారు. అమ్మాయి అయితే, "మంచి సంబంధం ఉంది, నిఖా చేసేద్దాం" అంటారు. కాస్త చేతిలో డబ్బున్నవారు, సీటు ఇప్పిస్తానన్న మధ్యవర్తి చేతిలో అడ్వాన్సు పెడతారు. మూడూ తొందరపాటు నిర్ణయాలే. మొదటి విడత జాబితాలో పేరు లేకపోవడం అంటే తలుపు మూసుకుపోవడం కాదు. ఇంకా కొన్నాళ్లు వాకిట్లో నిలబడమని చెప్పడం.

నసీబ్ కాదు, వరుస

సీటు రాకపోతే "మా నసీబ్ ఇంతే" అనడం మనకు అలవాటు. కానీ సీట్ల కేటాయింపు ర్యాంకు, రిజర్వేషన్, పెట్టిన ఆప్షన్లు అనే మూడింటి మీద నడుస్తుంది. 2021 నుంచి ఈఏపీసెట్‌గా పిలుస్తున్న పాత ఎంసెట్‌లో సర్టిఫికెట్ల పరిశీలన అయ్యాక విద్యార్థి తనకు కావలసిన కాలేజీలను, కోర్సులను వరుసగా పెట్టుకుంటాడు. ఒక విడతలో సీటు వచ్చిన పిల్లల్లో కొందరు వేరే పరీక్షలో ఇంకా మంచి సీటు రావడంతో వెళ్లిపోతారు. కొందరు అసలు చేరరు. ఆ ఖాళీలన్నీ తరువాతి విడతకు వస్తాయి. మొదటి విడతలో అందని కాలేజీ రెండో విడతలో అందడానికి కారణం ఇదే.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు నాలుగైదు ఆప్షన్లతో సరిపెట్టడం. ఆప్షన్లు ఎన్నయినా పెట్టుకోవచ్చు. నంద్యాల, కర్నూలు అని ఆగిపోకుండా అనంతపురం, కడప, తిరుపతి వైపు కాలేజీలను కూడా చూడాలి. ఎక్కువ ఇష్టమైనది పైన, తక్కువ ఇష్టమైనది కింద ఉండాలి. "ఇది మనకెలాగూ రాదు" అని ఇష్టమైన దాన్ని కిందికి నెట్టడం వల్ల లాభమేమీ లేదు. ఇంకొక జాగ్రత్త. సీటు వచ్చినవారు తరువాతి విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టి, కొత్త సీటు వస్తే పాతది దానంతటదే రద్దవుతుంది. అందువల్ల చేతిలో ఉన్నదాని కంటే మెరుగైన వాటినే పెట్టాలి.

ఇలా ఆగమని చెప్పడం మన దగ్గరే కాదు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారి పిల్లలు నవంబరులో ముందుగా దరఖాస్తు చేస్తే, కొన్ని విశ్వవిద్యాలయాలు డిసెంబరులో అవుననీ కాదనీ చెప్పకుండా వసంతకాలానికి వాయిదా వేస్తాయి. ఆ పిల్లలు అక్కడితో ఊరుకోరు. తమకు ఇంకా ఆసక్తి ఉందంటూ ఉత్తరం రాసి, కొత్తగా వచ్చిన మార్కులను దానికి జతచేస్తారు. మరో పక్క వేరే చోట్ల దరఖాస్తులు పెడతారు. మనం గ్రహించవలసింది కూడా అదే. ఎదురుచూసే రోజుల్లోనూ చేయవలసిన పని ఉంటుంది.

కాగితాల దగ్గరే సగం నష్టం

మన పిల్లలు ర్యాంకు ఉండి కూడా వెనకబడే చోటు ఒకటుంది. అది సర్టిఫికెట్ల బల్ల. షేక్ అన్న ఒక్క మాటనే ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాస్తారు. పదో తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో ఇంకొకలా, కుల ధ్రువపత్రంలో మరొకలా ఉంటుంది. అమ్మాయిల పేరు చివర ఒకచోట బీ, ఇంకొకచోట బేగం. పదో తరగతి మెమోను ఆధారంగా పెట్టుకొని మిగతా కాగితాలన్నీ దానికి సరిపోయేలా ముందే దిద్దించుకోవాలి. కౌన్సెలింగ్ తేదీ వచ్చాక సచివాలయం చుట్టూ తిరిగితే ప్రయోజనం ఉండదు.

రిజర్వేషన్ విషయంలోనూ చాలామందికి స్పష్టత లేదు. 2007 నాటి చట్టం ప్రకారం ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం సీట్లు కేటాయించారు. హైకోర్టు దాన్ని కొట్టివేసినా, 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగింది. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటి కొన్ని వర్గాలు ఇందులోకి రావు. మన ప్రాంతంలో చాలాచోట్ల కనిపించే దూదేకులవారు బీసీ-ఇ కాదు, బీసీ-బి. ఈ తేడా తెలియక తప్పు గడి నింపితే అవకాశం చేజారుతుంది.

నీట్ అఖిల భారత కోటాకు, జేఈఈకి కేంద్ర జాబితా వేరు. రాష్ట్రంలో బీసీ అయిన ప్రతి వర్గమూ అక్కడ ఓబీసీ కాదు. అక్కడ లేనివారు, రాష్ట్రంలో ఏ రిజర్వేషనూ లేనివారు 2019లో వచ్చిన ఆర్థికంగా వెనుకబడిన వర్గాల కోటాను చూసుకోవాలి. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి. కేంద్ర సంస్థల్లో సీటుకైతే 5 ఎకరాలు, అంతకు మించి సాగు భూమి ఉన్నవారు అర్హులు కారు. ఆ పత్రం ఏ ఆర్థిక సంవత్సరానికి ఆ సంవత్సరానికే. నిరుటిది ఇప్పుడు చెల్లదు.

మరొక మాట. మంచి కోచింగ్ అని పిల్లలను హైదరాబాద్‌కో బెంగుళూరుకో పంపేవారు స్థానికత సంగతి మరువరాదు. రాష్ట్ర కాలేజీల్లో 85 శాతం సీట్లు స్థానికులవి. ఇంటర్ వరకు వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది అందులో ముఖ్యం. పంపే ముందే దీన్ని విచారించాలి.

ఆగాలా? చేరాలా?

అన్ని విడతలూ అయ్యాక కూడా కోరుకున్న సీటు రాలేదనుకుందాం. ఒక ఏడాది ఆగి మళ్లీ రాయాలా, దొరికిన దానిలో చేరాలా? అందరికీ ఒకే జవాబు లేదు. కావలసిన ర్యాంకుకు కొద్ది మార్కుల దూరంలో ఆగిపోయి, ఏ పాఠంలో మార్కులు పోయాయో వేలు పెట్టి చూపగలిగిన పిల్లకు ఏడాది ఇవ్వవచ్చు. దూరం చాలా ఎక్కువై, చదివే ఆసక్తి పిల్లలో కాక తల్లిదండ్రుల్లో మాత్రమే ఉంటే, ఆ ఏడాది దండగ. అప్పు చేసి ఇల్లు తాకట్టు పెట్టి కట్టవలసిన కోచింగ్ ఫీజు అయితే రెండుసార్లు ఆలోచించాలి.

నీట్ ఎన్నిసార్లయినా రాయవచ్చు. జేఈఈ మెయిన్ ఇంటర్ పాసైన ఏడాదితో కలిపి మూడేళ్లు, అడ్వాన్స్‌డ్ మాత్రం రెండుసార్లే. ఈ లెక్క తెలుసుకొని అడుగు వేయాలి.

డాక్టరీ అంటే ఎంబీబీఎస్ ఒక్కటే కాదు. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ పేరుతో యునానీ వైద్య కళాశాల ఉంది. పదో తరగతిలో ఉర్దూ చదివి నీట్ రాసిన పిల్లలు ప్రత్యేకంగా ఆలోచించదగ్గ దారి అది. ఇంజనీరింగ్‌కు పాలిటెక్నిక్ ఒక దొడ్డ దారి. డిప్లొమా చేసి ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరవచ్చు. ఉర్దూ మీడియంలో చదివినవారికి మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం 2018లో కడపలో పాలిటెక్నిక్ తెరిచింది. ఇంట్లో పదో తరగతి చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే, పదో తరగతి మార్కుల మీదే సీటిచ్చే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీని ఇప్పటినుంచే దృష్టిలో పెట్టుకోవాలి.

మధ్యవర్తుల మాటలు మాత్రం నమ్మవద్దు. రాష్ట్ర కోటా మెడికల్ సీట్ల కేటాయింపు విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం ద్వారానే జరుగుతుంది. దాన్ని దాటి సీటు తెస్తానన్నవాడు తెచ్చేది సీటు కాదు, అప్పు. అలాగే యాజమాన్య కోటాలోను, స్పాట్ అడ్మిషన్లలోను చేరేవారు ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందో రాదో చేరడానికి ముందే కనుక్కోవాలి.

ఆగిన ఏడాదిని సాగు చేయాలి

మన నల్లరేగడి రైతుకు ఒక సంగతి తెలుసు. వానాకాలంలో ఖాళీగా కనిపించే చేను బీడు కాదు. దున్ని, కలుపు తీసి, తేమ పట్టించి ఉంచితే చలి మొదలయ్యే వేళకు అందులో శనగ వేయవచ్చు. దున్నకుండా వదిలేస్తే మాత్రం అదును వచ్చినా విత్తనం పడదు. ఆగిన ఏడాది కూడా అంతే.

ముందుగా పాత ప్రశ్నపత్రం ముందేసుకొని తప్పులను మూడు భాగాలు చేయాలి. తెలియక పోయినవి, తెలిసీ తొందరలో పోయినవి, ఊహించి గుర్తు పెట్టి పోగొట్టుకున్నవి. నీట్‌లో సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. ఒక్క ఊహ తప్పితే 5 మార్కుల తేడా. మొత్తం 720 మార్కుల్లో 360 జీవశాస్త్రానివే కనుక జాతీయ పాఠ్యపుస్తకాలను వరుస వదలకుండా చదవాలి. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది, 2018 నుంచి ఉర్దూలోనూ ఇస్తున్నారు. ఇంగ్లీషు భయంతో వెనుకాడనక్కరలేదు. ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం విలువ ఉంది. అందులో తక్కువ వచ్చినవారు బెటర్‌మెంట్ పరీక్ష రాయడం గురించి ఆలోచించాలి.

హిజాబ్‌తో నీట్‌కు వెళ్లే అమ్మాయిలు తనిఖీ కోసం అందరికంటే ముందుగా కేంద్రానికి చేరాలి. నిబంధన దాన్ని అనుమతిస్తుంది. ఆలస్యంగా వెళ్లి గేటు దగ్గర కంగారు పడితే లోపల రాసే పరీక్ష పాడవుతుంది.

ఆడపిల్ల ఏడాది

అబ్బాయి ఒక ఏడాది ఇంట్లో ఉంటే చదువుకుంటున్నాడంటాం. అమ్మాయి ఉంటే ఖాళీగా ఉందంటాం. ఆ మాట పుట్టిన వారానికే సంబంధాలు మొదలవుతాయి. నిజానికి ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది. మళ్లీ రాస్తే తప్పక ర్యాంకు తెచ్చుకోగల అమ్మాయి వంటింట్లో ఉండిపోతుంది. అమ్మాయికి ఏడాది ఇస్తున్నామని అబ్బా, అమ్మీ ఇద్దరూ బంధువుల ముందు ఒకే మాట చెప్పాలి. ఇంటి పనిలో ఆమె వంతు తగ్గించి, పొద్దుటి మూడు గంటలు ఆమెవే అని తేల్చాలి. నంద్యాల దాకా రోజూ బస్సులో పంపడానికి జంకితే, ఒకే వీధిలోని ఇద్దరు ముగ్గురు అమ్మాయిలను జతచేసి పంపవచ్చు.

అబ్దుల్ కలాం జీవితంలో అందరూ రాకెట్లనే తలుస్తారు. ఆయన మద్రాసు ఇంజనీరింగ్ చదువుకు ఫీజు కట్టడానికి తన గాజులు, గొలుసు కుదువ పెట్టింది అక్క జొహరా. వైమానిక దళంలో పైలట్ కావాలని ఆయన డెహ్రాడూన్ వెళితే తీసుకున్నది ఎనిమిది మందిని. ఆయనది తొమ్మిదో స్థానం. ఒక్క మెట్టు దూరంలో సీటు పోయింది. ఆ బాధతోనే వెళ్లి 1958లో రక్షణ శాఖ కొలువులో చేరారు. తొమ్మిదో స్థానంతో ఆయన కథ ముగియలేదు.

ఇంట్లో మాట

చివరిగా పెద్దలకు ఒక మనవి. ఫలితం వచ్చిన రోజు పిల్లలతో లెక్కలు తీయవద్దు. "ఇంత ఖర్చు పెట్టాం", "ఫలానా వాళ్లమ్మాయిని చూడు" అన్న మాటలు ఆ పూట పిల్లల చెవిలో రాళ్లలా పడతాయి. పిల్ల తిండి మానేసి గది దాటి రాకపోతే, బతకాలని లేదన్నట్టు మాట్లాడితే, దాన్ని బెదిరింపుగా కొట్టిపారేయకండి. పక్కన ఒకరు ఉండండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలిమానస్ సలహాదారులు తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.

సబర్ అంటే చేతులు కట్టుకొని కూర్చోవడమని కొందరు అనుకుంటారు. చేయవలసింది చేస్తూ ఫలితం కోసం నిలకడగా ఉండటమే సబర్. ఈ శుక్రవారం నమాజు తరువాత ఇంటికి వెళ్లి పిల్లను కూర్చోబెట్టుకోండి. రెండో విడత తేదీ ఎప్పుడో చూడండి. కుల ధ్రువపత్రంలో పేరు ఎలా ఉందో చదవండి. ఆప్షన్ల జాబితా కొత్తగా రాయించండి. ఇవి ఒక్క సాయంత్రంలో అయ్యే పనులు. ఎన్నో సీట్లు చేజారేది ఈ ఒక్క సాయంత్రాన్ని పట్టించుకోకనే.