గోలు ముందు ఒంటరి కాపలా
ఆసియా మేటి గోల్‌కీపరు తంగరాజ్ జీవితం చెప్పే పాఠం

సంగం: ఊళ్లో పిల్లలు బంతాటకు జట్లు పంచుకునేటప్పుడు ఒకచోట తప్పకుండా పేచీ వస్తుంది. గోలు ముందు ఎవరు నిలబడాలి? పరుగు రానివాడినో, అందరికంటే చిన్నవాడినో అక్కడికి నెడతారు. రెండు రాళ్ల మధ్య నిలబడిన ఆ కుర్రవాడు పది బంతులు ఆపినా ఎవరూ భుజం తట్టరు. పదకొండోది కాళ్ల సందునుంచి జారిపోతే మాత్రం జట్టంతా అతని మీద విరుచుకుపడుతుంది.

సంగం వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. పెన్న మీద బ్రిటిషు వారి కాలంనాటి ఆనకట్ట ఉంది. 2022లో ప్రారంభమైన కొత్త బ్యారేజీ ఉంది. నీరు నిలిచి పంట పండినన్నాళ్లు ఏ కట్ట వంకా ఎవరూ చూడరు. గండి పడిందంటే ఊరు ఊరంతా గట్టు మీదికి చేరుతుంది. గోల్‌కీపరు బతుకూ అంతే.

ఎవరికీ ఇష్టం లేని ఆ చోటే నిలబడి ఆసియా ఖండానికే మేటి అనిపించుకున్న ఆటగాడు ఒకరు మన తెలుగుగడ్డ మీదే పుట్టారు. ఆయన పేరు పీటర్ తంగరాజ్. కోచి రహీం కథతో 2024లో వచ్చిన ‘మైదాన్’ హిందీ చిత్రం చూసిన కుర్రకారుకు ఆ పేరు కొంత తెలిసి ఉంటుంది. అంతకుముందు తరంలో ఫుట్‌బాల్ తెలిసినవారెవరూ ఆ పేరు మరచిపోలేదు.

సెంటర్ ఫార్వర్డు గోలీ అయ్యాడు

తంగరాజ్ 1935లో హైదరాబాదులో పుట్టారు. జంటనగరాల్లో ఆ రోజుల్లో క్రికెట్టు కంటే ఫుట్‌బాల్‌కే జనం ఎక్కువ. మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ అనే స్థానిక క్లబ్బుల్లో ఆయన ఆట మొదలైంది. 1953లో సైన్యంలో చేరారు. మద్రాసు రెజిమెంటల్ సెంటర్ జట్టులో చోటు దొరికింది.

విచిత్రం ఏమిటంటే అప్పటికి ఆయన గోల్‌కీపరు కాదు. గోళ్లు కొట్టే సెంటర్ ఫార్వర్డు. సైన్యంలోనే ఆయన స్థానం మారింది. గోళ్లు కొట్టవలసినవాడు గోళ్లు ఆపేవాడయ్యాడు. ఆరడుగులకు మించిన ఎత్తు, పొడుగాటి చేతులు, బంతిని సగం మైదానం దాటించే తన్ను ఆయనకు ఆస్తులయ్యాయి. ముందు వరసలో ఆడిన అనుభవం కూడా ఊరికే పోలేదు. బంతి కొట్టేవాడు ఎటు చూసి ఎటు తంతాడో, కొట్టిన అలవాటు ఉన్నవాడికి ఇట్టే తెలుస్తుంది.

ఫలితం త్వరలోనే కనిపించింది. మద్రాసు రెజిమెంటల్ సెంటర్ 1955లో, మళ్లీ 1958లో డ్యురాండ్ కప్పు గెలిచింది. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్టులో తంగరాజ్ ఉన్నారు. భారత జట్టు నాలుగో స్థానం సాధించింది ఆ ఒలింపిక్స్‌లోనే. 1958లో ఆసియాలో మేటి గోల్‌కీపరుగా ఆయనను ఎంపిక చేశారు. 1960లో రోమ్ ఒలింపిక్స్‌కూ వెళ్లారు. ఆయన నాయకత్వంలో సర్వీసెస్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది.

ఇరవై నాలుగు అడుగుల వాకిలి

గోలు వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. ఇంత వాకిలిని ఒక్క మనిషి మూయడం ఎలాగన్నది ఎవరికైనా వచ్చే అనుమానమే. మంచి గోల్‌కీపరు గీత మీద నిలబడి ఎదురుచూడడు. బంతి తెస్తున్నవాడి మీదికి నాలుగడుగులు ముందుకు వస్తాడు. దీపం ముందు చెయ్యి దగ్గరికి తెస్తే గోడ మీద నీడ పెరిగినట్టు, గోల్‌కీపరు ముందుకు వచ్చేకొద్దీ కొట్టేవాడి కంటికి గోలు చిన్నదవుతుంది. అయితే ఒక్క అడుగు ఎక్కువ వస్తే బంతి తలమీదుగా వెళ్లిపోతుంది. ఆ ఒక్క అడుగు లెక్క నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది.

తంగరాజ్ నాటి బంతి తోలు బంతి. వానలో నానితే బరువెక్కేది. ఈనాటి మెత్తని చేతి తొడుగులు లేవు. గాయాలు మామూలే. ఒక సౌకర్యం మాత్రం ఉండేది. ఇబ్బంది వస్తే సొంత ఆటగాడే బంతిని వెనక్కి తన్నితే గోల్‌కీపరు చేత్తో పట్టుకోవచ్చు. 1992లో ఆ నిబంధన మార్చేశారు. అప్పటినుంచి గోల్‌కీపరుకు కాలి ఆట కూడా తప్పనిసరి అయింది. బంతిని చేతిలో ఎనిమిది సెకన్లకు మించి పెట్టుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్ ఇవ్వాలని 2025లో కొత్త నిబంధన వచ్చింది.

జ్వరం నుంచి లేచి ఫైనల్లోకి

తంగరాజ్ జీవితంలో అన్నిటికంటే పెద్ద రోజు 1962 సెప్టెంబరు 4. జకార్తా ఆసియా క్రీడల ఫైనలు. ఎదుటి జట్టు దక్షిణ కొరియా. పోటీల్లో మొదటి ఆటలోనే మనవాళ్లను 2-0తో ఓడించిన జట్టు. తరువాత థాయ్‌లాండ్, జపాన్, దక్షిణ వియత్నాం జట్లను గెలిచి మనవాళ్లు ఫైనలుకు చేరారు.

తంగరాజ్ ఫ్లూ జ్వరంతో పడి ఉండగా గోలు కాసినవారు బెంగాల్ ఆటగాడు ప్రద్యోత్ బర్మన్. బాగానే ఆడారు. అయినా ఫైనలుకు కోచి సయ్యద్ అబ్దుల్ రహీం తంగరాజ్‌నే దింపారు. పూర్తిగా తేరుకోని మనిషిని దింపడం సాహసమే. రహీం హైదరాబాదు బడిపంతులు. ఆటగాళ్లను చదవడంలో ఆయనను మించినవారు లేరని పేరు. ఆ సమయానికి ఆయనే కేన్సరుతో ఉన్నారు.

స్టేడియంలో జనమంతా మనకు వ్యతిరేకం. ఇజ్రాయిల్, తైవాన్ జట్లను క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి ఒకరు విమర్శించడంతో ఇండోనేషియా ప్రజలు మండిపడుతున్నారు. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరసలో ఆడించారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు కొట్టారు. చివర్లో కొరియా ఒకటి తిరిగి కొట్టింది. ఆ తరువాత వాకిలి మళ్లీ తెరుచుకోలేదు. 2-1తో బంగారు పతకం మనది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశం ఆ తరువాత బంగారం చూడలేదు. తొమ్మిది నెలలకే, 1963 జూన్‌లో, రహీం కన్నుమూశారు.

ఈ కథలో బర్మన్‌ను కూడా తలచుకోవాలి. ముందు వరసలో అయితే ఎక్కడో ఒకచోట సర్దవచ్చు. గోలు ముందు చోటు ఒక్కటే. ఒకరు నిలబడితే రెండోవారు బయట కూర్చోవలసిందే. గోల్‌కీపరు వృత్తిలో అన్నిటికంటే కష్టం అదే.

తప్పు చేస్తే జీవితాంతం మాట పడవలసి రావడం మరో కష్టం. 1950 ప్రపంచ కప్పులో బ్రెజిల్ సొంతగడ్డ మీద ఉరుగ్వే చేతిలో 2-1తో ఓడింది. రెండో గోలు వదిలాడని గోల్‌కీపరు బార్బోసాను ఆ దేశం దుమ్మెత్తిపోసింది. 2000లో ఆయన చనిపోయేదాకా ఆ నింద పోలేదు.

అన్నం పెట్టింది ఉద్యోగం

సైన్యం వదిలాక తంగరాజ్ కలకత్తా చేరారు. మహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మూడు పెద్ద క్లబ్బులకూ ఆడారు. 1967లో అర్జున అవార్డు వచ్చింది. 1971లో ఆట మానేసేనాటికి ఆయనకు 35 ఏళ్లు.

అంత పేరున్నా ఆ రోజుల్లో మన దేశంలో ఫుట్‌బాల్ లెక్కకు వృత్తి కాదు. ఆటగాడంటే సైన్యంలోనో, రైల్వేలోనో, పోలీసులోనో ఉద్యోగి. క్లబ్బులు ఎంతోకొంత ముట్టజెప్పినా నెలనెలా బియ్యం కొనిపెట్టింది ఉద్యోగమే. తంగరాజ్ కూడా తరువాత బొకారో ఉక్కు నగరంలో స్థిరపడి అక్కడి కుర్రవాళ్లకు ఆట నేర్పారు. 2008 నవంబరులో అక్కడే చనిపోయారు.

2014లో ఇండియన్ సూపర్ లీగు వచ్చాక ఆటకు జీతాలు వచ్చాయి. 2022 మార్చిలో హైదరాబాదు ఎఫ్.సి. ఆ లీగు గెలిచింది. ఫైనలు పెనాల్టీల దాకా వెళితే, గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపి కేరళను ఓడించారు. జంటనగరాల్లో పాత రోజులు తిరిగి వచ్చాయనుకున్నారు. మూడేళ్లు తిరక్కుండానే క్లబ్బు డబ్బు ఇబ్బందుల్లో పడింది. 2025లో హైదరాబాదు వదిలి ఢిల్లీకి వెళ్లిపోయింది. ఆ రోజుల్లో జీతం ఉద్యోగానిది, పేరు ఆటది. ఈ రోజుల్లో రెండూ ఆట మీదే ఆధారపడ్డాయి. క్లబ్బు లేచిపోతే రెండూ పోతాయి.

సంగం కుర్రవాడికి

ఆ చోట నిలబడాలని నిజంగా ఇష్టపడే కుర్రవాడు ఊరికొకడు ఉండకపోడు. అతనికి పెన్న ఇచ్చిన వసతి ఒకటుంది. ఇసుక. గోల్‌కీపరు మొదట నేర్వవలసింది పడడం. గట్టి నేల మీద మోచేతులు, తుంట్లు పగులుతాయి. ఇసుక మీద పక్కకు దూకి పడి లేచే సాధన దెబ్బ తగలకుండా కాళ్లకు బలమిస్తుంది. నీరు లేని రోజుల్లో, ఇసుక తవ్విన గుంతలకు దూరంగా, పెద్దలు ఒకరు తోడుండగా చేయాలి.

తరువాతి మెట్టుకు దారులు లేకపోలేదు. సైన్యం వారి బాయ్స్ స్పోర్ట్స్ కంపెనీలు చిన్న వయసులోనే పిల్లలను తీసుకుని చదువూ ఆటా రెండూ నేర్పుతాయి. అనంతపురంలో ఆర్డీటీ సంస్థ ఏళ్ల తరబడి పల్లె పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పింది. రైల్వేలో, పోలీసు శాఖలో క్రీడాకారులకు ఉద్యోగాల కోటా ఉంది. ఇంటర్ తప్పిన కుర్రవాడికి ఆ కోటా కూడా అందకుండా పోవచ్చు. చదువు వదిలి ఆట పట్టుకోవడం అందుకే తెలివైన పని కాదు.

అన్నిటికీ ముందు కావలసింది చూసే కన్ను. తంగరాజ్‌ను ముందు వరస నుంచి గోలు ముందుకు మార్చినవారు ఆ పొడుగు చేతుల్లో ఏదో చూశారు. చూడకపోయి ఉంటే ఆయన నలుగురు ఫార్వర్డుల్లో ఒకరుగా మిగిలిపోయేవారేమో. బడి మైదానంలో డ్రిల్లు మాస్టారు ఈసారి జట్లు పంచేటప్పుడు, గోలు ముందుకు నెట్టేసిన కుర్రవాడి వంక ఒక్క నిమిషం చూస్తే చాలు.