చేతులు మరవవలసిన చదువు

ఇరువది యేండ్లు కారు నడిపినవాని చేతులు బుద్ధి చెప్పువరకు ఆగవు. ఎదుట గేదె అడ్డము వచ్చినను, ప్రక్కసందులోనుండి ఆటో దూసుకొనివచ్చినను, మనస్సు తలచులోపుననే కాలు బ్రేకును త్రొక్కును. చేయి చక్రమును త్రిప్పును. అభ్యాసము కూసువిద్య యని పెద్దలు చెప్పినది ఇట్టి నేర్పును చూచియే.

అయితే ఆ కూసువిద్యయే ఒకానొకచోట అడ్డుతగులును. విజయవాడలోనో వరంగల్లులోనో పదునైదు, ఇరువది యేండ్లు బండి నడిపి, ఒక్క ప్రమాదమునైనను ఎరుగని గృహస్థు ఉద్యోగరీత్యా ఇంగ్లండునకు పోవును. పరీక్షాధికారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఇంచుమించు నలుబది నిమిషములు కారు నడుపును. ఎవరికిని తగులలేదు, ఎచ్చటను తడబడలేదు. చివరకు బండి ఆపినపిమ్మట, "మీరు ఉత్తీర్ణులు కాలేదు" అను మాట వినవలసివచ్చును. ఇట్టి అనుభవము అచటి భారతీయ కుటుంబములలో అరుదైనది కాదు. తప్పెచ్చట జరిగినదని విచారించినచో ఒక దేశపు రహదారిని గురించియే గాక, నేర్చుకొనుట అను పనిని గురించియు కొంత తెలియవచ్చును.

పండ్రెండు నెలల గడువు

భారతదేశపు లైసెన్సు గలవారు గ్రేట్ బ్రిటనులో స్థిరనివాసము ఏర్పరచుకొన్న నాటినుండి పండ్రెండు నెలలవరకు ఆ లైసెన్సుతోనే కారు నడుపవచ్చును. ఆస్ట్రేలియా, కెనడా, జపాను, సింగపూరు మున్నగు కొన్ని దేశములవారు తమ లైసెన్సును ఇచ్చి బ్రిటిషు లైసెన్సును మార్పిడిగా పొందుటకు వీలు కలదు. భారతదేశము ఆ జాబితాలో లేదు. కావున మనవారు అచట పుట్టి పెరిగిన పదునేడేండ్ల బాలునివలెనే మొదటినుండి పరీక్షలన్నియు వ్రాయవలసినదే.

గడువు దాటిన మరునాడు ఆ గృహస్థు న్యాయదృష్టిలో అనుభవజ్ఞుడు కాడు, శిక్షార్థి. తాత్కాలిక లైసెన్సు పుచ్చుకొని, తెల్లని పలకపై ఎఱ్ఱని 'ఎల్' అక్షరమును బండికి ముందు వెనుకల తగిలింపవలెను. ఇరువదియొక్క సంవత్సరములు నిండి, మూడేండ్లుగా పూర్తి లైసెన్సు గలవారొకరు ప్రక్కన కూర్చుండిననే గాని కదలరాదు. నిన్నటివరకు బిడ్డలను బడికి దింపివచ్చిన తండ్రి నేడు తన వయస్సులో సగమున్న పొరుగింటి యువకుని తోడు అడుగవలసివచ్చును. రోగుల ఇండ్లకు తిరిగి సేవచేయు నర్సులకు కారు విలాసవస్తువు కాదు. అది లేనిచో ఉద్యోగమే నిలువదు. 2020 నాటి మహమ్మారి తరువాత పరీక్షతేదీ దొరకుటకే నెలల తరబడి వేచియుండవలసిన పరిస్థితి ఏర్పడినది. కనుక ఒక్క పర్యాయము తప్పుట యనగా ఒక్క దినము పోవుట కాదు, అర్ధసంవత్సరము చేజారుటయు కావచ్చును.

పరీక్ష పుట్టిన విధము

ఈ పరీక్ష పరదేశీయులను వేధించుటకై పుట్టినది కాదు. బ్రిటనులో 1903 నాటి మోటారు చట్టముననుసరించి 1904 జనవరి నుండి లైసెన్సు ఉండవలెనను నియమము వచ్చినది. కాని అయిదు షిల్లింగులు చెల్లించినవారికెల్ల అది లభించుచుండెను. నడుపుట వచ్చునా రాదా యని అడిగినవాడు లేడు. 1930లో కార్లకు వేగపరిమితిని కూడ ఎత్తివేసిరి. 1934లో ఆ చిన్నదేశపు రోడ్లపై 7,343 మంది మరణించిరి. అప్పుడుగాని ప్రభుత్వమునకు మెలకువ రాలేదు.

1935 మార్చిలో ఐచ్ఛికముగను, ఆ సంవత్సరము జూన్ 1 నుండి నిర్బంధముగను పరీక్ష ప్రారంభమయ్యెను. రుసుము ఏడు షిల్లింగుల ఆరు పెన్సులు. ఆరంభదినములలో పరీక్షకు ప్రత్యేకమైన కార్యాలయములు లేవు. పరీక్షాధికారి ఏ రైలుస్టేషను వద్దనో, ఏ ఉద్యానవనము వద్దనో అభ్యర్థిని కలసికొనెడివాడు. ఒక విశేషము గమనింపదగినది. 1934 ఏప్రిల్ 1కి ముందే నడుపుచుండినవారికి ఈ పరీక్ష అక్కరలేదనిరి. అనగా అనుభవమునకు ఒక్కసారి గౌరవము దక్కినది. అది స్వదేశీయుల అనుభవమునకు మాత్రమే.

అటుపిమ్మట పరీక్ష పలుమారులు మారినది. ప్రపంచయుద్ధకాలమున నిలిచిపోయినది. సూయజు సంక్షోభమున, 1956-57లో, మరల కొన్నినెలలు ఆగినది. పరీక్షాధికారులను పెట్రోలు రేషను పనికి పంపి, శిక్షార్థులు ఒంటరిగా నడుపుటకు అనుమతించిరి. 1996 జూలైలో సిద్ధాంతపరీక్ష వేరుగా వచ్చినది. 2002లో అపాయములను ముందుగా కనిపెట్టు పరీక్ష చేరినది. నేడు సిద్ధాంతభాగమున 50 ప్రశ్నలకు 43 సరియైనవి కావలెను. చలనచిత్రపు ముక్కలు పదునాలుగు చూపి, అపాయము పొడచూపుచున్న క్షణముననే మీట నొక్కుమందురు. అందు 75 మార్కులకు 44 రావలెను. నడుపు పరీక్షలో చిన్నతప్పులు పదునైదువరకు క్షమింపబడును. అపాయమునకు దారితీయదగిన పెద్దతప్పు ఒక్కటి చాలును, పరీక్ష పోవుటకు. ఆ దేశమున జరుగు పరీక్షలలో సగమునకు పైగా తప్పుటయే జరుగుచున్నది. కావున ఓడినది మనవారు మాత్రమే కాదని ఊరట చెందవచ్చును.

చక్రము పట్టు తీరు

అనుభవజ్ఞుని ఎక్కువగా భయపెట్టునది స్టీరింగు చక్రము. మన రోడ్లపై దానిని పట్టు తీరులు పలురకములు. కుడిమోచేయి కిటికీపై ఆనించి, ఎడమచేయి గేరుకఱ్ఱపై ఉంచి, రెండువ్రేళ్ళతో చక్రమును ఆడించువారు కొందరు. అరచేతిని బల్లపరుపుగా ఆనించి ఒక్క చుట్టున త్రిప్పువారు కొందరు. మలుపు ముగిసిన తరువాత చక్రమును వదలివేసి, అది తనంతట తాను గిఱ్ఱున వెనుకకు తిరుగుచుండగా చూచువారు కొందరు.

ఇంగ్లండులోని గురువు తొలిదినముననే ఇవి యన్నియు మానుమనును. చక్రమును గడియారపు ముఖముగా భావింపుమనును. ఎడమచేయి పదివద్ద, కుడిచేయి రెండువద్ద ఉండవలెను. లేదా తొమ్మిది, మూడు అంకెలవద్ద ఉండవలెను. ఎడమకు తిరుగునపుడు ఎడమచేయి పైకి జారి, చక్రమును పట్టి క్రిందికి లాగవలెను. అదేసమయమున కుడిచేయి పట్టు సడలించి క్రిందికి జారవలెను. పిమ్మట కుడిచేయి పట్టి పైకి నెట్టవలెను. ఎడమచేయి మరల పైకి జారవలెను. ఏ చేయియు పండ్రెండంకెను దాటి రెండవచేతి రాజ్యములోనికి పోరాదు. కవ్వపుత్రాడు ఒకచేత వచ్చుచు ఒకచేత పోవుచున్నట్లు ఈ పని సాగును.

ఈ పద్ధతి పోలీసు శిక్షణలో బలపడినది. లండను పోలీసులు 1930 దశాబ్దిలో హెండనులో డ్రైవింగు పాఠశాలను నెలకొల్పిరి. 1955లో 'రోడ్‌క్రాఫ్ట్' అను పుస్తకము వెలువడినది. నాటి బండ్ల చక్రములు బరువైనవి, యంత్రసహాయము లేదు. రెండుచేతులును ఎల్లప్పుడు పట్టుమీద ఉన్నగాని బండి స్వాధీనములో ఉండెడిది కాదు. నేడు చక్రము తేలికయైనది గాని, మరియొక కారణము వచ్చి చేరినది. చక్రము నడుమ గాలిసంచి దాగియున్నది. ప్రమాదమున అది రెప్పపాటుకంటె తక్కువకాలములో ప్రేలి విచ్చుకొనును. ఆ క్షణమున చేయి దానికి అడ్డముగా ఉన్నచో, ఆ చేయియే ముఖముమీదికి విసరివేయబడును.

అయినను ఇచటనే ఒక అపోహ కలదు. చేతులు ఒకదానిపై నొకటి దాటినంతమాత్రమున పరీక్ష పోవునని శిక్షార్థులలో పెద్ద భయము. వాస్తవమునకు పరీక్షాధికారి చూచునది చేతుల భంగిమను కాదు; బండిపై స్వాధీనమును. స్వాధీనము తప్పనిచో చేతులు దాటినను తప్పు లెక్కింపబడదు. కాలిఫోర్నియా రాష్ట్రపు శిక్షణపుస్తకము చేతిపై చేయి వేసి త్రిప్పు పద్ధతిని కూడ బోధించుచున్నది. ఈ సంగతి తెలియని అనుభవజ్ఞుడు తన చేతులనే చూచుకొనుచు, ఎదుటి రోడ్డును చూచుట మరచును. బండి మలుపున కాలిబాటను తాకును. నియమము పేరిట కలిగిన భయమే నియమభంగమునకు కారణమగును.

చేతులకు మరియొక చిక్కు ఎదురగును. మన దేశమున విరివిగా అమ్ముడుపోవు కార్లలో పెక్కింటికి మలుపుదీపముల మీట కుడివైపున ఉండును. బ్రిటనులోని కార్లకు సాధారణముగ ఎడమవైపున ఉండును. కూడలి వచ్చినది, గృహస్థు అలవాటుగా మీట కదలించెను. దీపము వెలుగలేదు, ఎండలో అద్దముమీది తుడుపుకఱ్ఱలు ఆడసాగెను! నవ్వు పుట్టించు ఈ సంఘటన వెనుకవచ్చువానికి నవ్వులాట కాదు. ముందుబండి ఎటు తిరుగునో అతనికి తెలియలేదు గదా.

చెవి స్థానమున కన్ను

అన్నిటికంటె లోతైన భేదము వేరొకటి. రెండుదేశములును ఎడమవైపున నడుచునవే. చక్రమును కుడివైపుననే ఉండును. పైకి చూచిన అంతయు ఒక్కటే. కాని మన రోడ్డు చెవితో నడచును. వారి రోడ్డు కంటితో నడచును.

మన లారీల వెనుక "సౌండ్ హారన్" అని వ్రాసియుండుట అందరు ఎరిగినదే. నేను వెనుక ఉన్నానని తెలుపు బాధ్యత వెనుకవానిది. ముందువాడు ముందుచూపుతోనే పోవును. ఎడమవైపు అద్దమును ముడిచియుంచి సంవత్సరములు గడపువారు ఉందురు. బ్రిటనులో ఈ బాధ్యత తలక్రిందులగును. దిశ మార్చువాడే మొదట అద్దములు చూచి, పిదప సంకేతమిచ్చి, ఆ పిదప కదలవలెను. అద్దమునకు అందని మూలను మెడత్రిప్పి చూడవలెను. జనావాసములలో రాత్రి పదకొండున్నర మొదలు ఉదయము ఏడువరకు హారను మ్రోగించుటయే నిషిద్ధము. వలయాకారపు కూడలిలో కుడినుండి వచ్చువానికి దారి ఈయవలెను. ఎవడు ముందు ముక్కు దూర్చిన వానిది దారి కాదు. 2022 జనవరి నుండి చారలదాటు వద్ద దాటుటకు నిలిచియున్న పాదచారికి సయితము ఆగి దారి ఈయవలెనని నియమావళి చెప్పుచున్నది.

పరీక్షలో ఎక్కువమంది తప్పుటకు ప్రధానకారణములుగా అధికారులు ప్రకటించువానిలో కూడలులవద్ద సరిగా చూడకపోవుట, దిశ మార్చునపుడు అద్దములను సరిగా వాడకపోవుట ముందుండును. మనవాడు చూడక నడుపునా? చూచును. కాని తల కదలక, క్రీగంట చూచును. ప్రక్కనున్న అధికారికి అది కానరాదు. అంతకంటె ముఖ్యమైనది, అలవాటుపడిన కన్ను తాను ఎదురుచూచు గేదెనో ఆటోనో వెంటనే కనిపెట్టును. ఎదురుచూడని సైకిలువానిని, చారలవద్ద మౌనముగా నిలిచిన పసిపిల్లను చూచియు చూడకపోవును. ఆ పిల్ల హారను వినిన తరువాత ప్రక్కకు తొలగుటకు అలవాటుపడినది కాదు. బండి ఆగునని నమ్మి అడుగువేయుటకు అలవాటుపడినది. ఆ నమ్మకము వమ్ము కాకుండుటకే ఈ పరీక్ష యంతయు.

ఈ మాట మనస్సున నాటినపిమ్మట గృహస్థుని కష్టములో సగము తీరును. అవమానముగా తోచిన ఎఱ్ఱని అక్షరము మందువలె చేదుగా ఉన్నను పుచ్చుకొనదగినదగును. కొందరు చక్కని ఉపాయమొకటి అవలంబింతురు. కనబడినదానినెల్ల పైకి చెప్పుకొనుచు నడుపుదురు: "అదిగో బంతి దొర్లుచున్నది, వెనుక పిల్లవాడు రావచ్చును, అదిగో బస్సు ఆగినది, ముందునుండి ఎవరో దాటవచ్చును." చేతులు చేయుచున్న పనిని మరల బుద్ధి వశమునకు తెచ్చుటయే ఇందలి రహస్యము.

పాఠశాలలో ఉపాధ్యాయులకు ఇది క్రొత్త సంగతి కాదు. ఎన్నడును కలము పట్టని బాలునికి వ్రాత నేర్పుట సులభము; వంకరగా పట్టుటకు అలవాటుపడిన బాలుని వ్రేళ్ళు విప్పి సరిగా పట్టించుట కష్టము. రెండవవానికి తెలివి తక్కువ కాదు, ముందే వచ్చిన విద్యయొకటి దారికి అడ్డముగా కూర్చున్నది. అట్టివానికి కోపముకంటె కొంత వ్యవధియు, కొంత ఓర్పును ఎక్కువ అవసరము.

ఆ గృహస్థు రెండవపర్యాయమో మూడవపర్యాయమో ఉత్తీర్ణుడై, ఎఱ్ఱని అక్షరమును ఊడదీసి లోపల పెట్టును. మరి కొన్నాళ్ళకు సెలవులలో స్వగ్రామమునకు వచ్చి, తమ్ముని కారు తీసికొని బజారునకు బయలుదేరును. నాలుగురోడ్ల కూడలివద్ద ఒక ముసలమ్మ దాటుటకు నిలిచియుండును. అతడు బండి ఆపును. వెనుకనుండి పది హారనులు ఒక్కమారు మ్రోగును. ముసలమ్మ నమ్మక నిలిచియేయుండును. అతడు చేయి చాచి సైగ చేయును. ఆమె ఒక్కక్షణము తేరిపార చూచి, చీరకుచ్చెళ్ళు ఎత్తిపట్టుకొని, మెల్లగా రోడ్డు దాటిపోవును.