అరెకరం చెలకకు ఏ యంత్రం?

తొలకరి పడ్డాక ఎర్ర చెలకలో విత్తే అదును కొద్ది రోజులే ఉంటుంది. ఆ రోజుల్లో ఊళ్లోని ట్రాక్టర్లు ముందు సొంతదారుల పొలాల్లో, ఆ తర్వాత పెద్ద కమతాల్లో తిరుగుతాయి. దళితవాడ రైతు వంతు వచ్చేసరికి పదును ఆరిపోతుంది. పైగా అరెకరం ముక్కలో ట్రాక్టర్ మలుపులకే బోలెడు జాగా పోతుంది.

2015–16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు. ఎస్సీ రైతులది 0.78, అంటే రెండెకరాల లోపే. ఇంత చిన్న కమతం గిట్టదని చాలామంది తేల్చేస్తారు. 1918లోనే అంబేడ్కర్ చిన్న కమతాలపై రాసిన వ్యాసంలో ఈ వాదనను తిరగేశారు. విస్తీర్ణం ఒక్కటే చూస్తే లాభం లేదు, దానికి తగిన పెట్టుబడి, పశువులు, పనిముట్లు ఉన్నాయా అన్నదే అసలు ప్రశ్న అన్నారు.

కలుపునే తీసుకుందాం. రోజంతా నడుం వంచి చేసే ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. మెట్ట పైర్లలో చేత్తో తోసే చక్రం గుంటక ఉంటే నిలబడే పని చేయవచ్చు. ముందుకు తోసి వెనక్కి లాగుతుంటే దాని పలక మట్టి పైపొర కిందే కలుపు వేళ్లను కోస్తుంది. అయితే విత్తనం వెదజల్లిన చేలో ఇది పనికిరాదు. సాళ్ల మధ్య ఎడం పలక వెడల్పు కంటే ఎక్కువ ఉండాలి, ఆ లెక్క విత్తేముందే చూసుకోవాలి. వరిలో కోనో వీడర్‌కు 25 సెంటీమీటర్ల సాళ్లు, పలచగా నీళ్లు కావాలి. దాని పళ్ల చక్రాలు కలుపును బురదలోకి తొక్కేస్తాయి. పిడి ఎత్తు మోచేతికి అటూఇటూగా సరిపోవాలి. మగవాళ్ల కొలతతో చేసిన పిడి పట్టుకుంటే ఆడవాళ్లకు భుజాలు పట్టేస్తాయి, పరికరం మూలన పడుతుంది.

ఇంజన్‌తో నడిచే పవర్ వీడర్ వస్తే ఇంకో చిక్కు. పిడి మగవాళ్ల చేతికి పోతుంది, కలుపు కూలీ మీద బతికే దళిత మహిళలకు పని పోతుంది. కొనేది మహిళా సంఘమైతే, నడపడం కూడా వాళ్లే నేర్చుకుంటే అద్దె డబ్బు వాళ్లకే మిగులుతుంది.

కేంద్ర యాంత్రీకరణ పథకం కింద ఎస్సీ రైతులకు చాలా పరికరాలపై 50 శాతం దాకా రాయితీ ఉంది, పరిమితికి లోబడి. కానీ చాలాచోట్ల ముందు పూర్తి ధర కట్టాలి, పట్టా చూపాలి. కౌలు రైతు అక్కడే ఆగిపోతాడు. దరఖాస్తుకు సాయం చేసే విద్యార్థులు ముందు ఈ రెండింటి సంగతి కనుక్కోండి.

ఇంకొకటి, గుంటక పలక అరిగితే ఊరి కమ్మరి సాన పడతాడు. పవర్ వీడర్ చెడితే విడిభాగం ఎక్కడ దొరుకుతుందో, మెకానిక్ ఎంత దూరంలో ఉన్నాడో డబ్బు కట్టకముందే అడగాలి.