లినక్సు నెలకొల్పుటకు ముందు డిస్కును పంచుకొనుట

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కి సాధారణ మద్దతు ముగిసినది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల విద్యార్థులు కొందరు, తమ యింటి పాత కంప్యూటరులో లినక్సు నెలకొల్పవచ్చునా యని నన్నడుగుచున్నారు. నెలకొల్పవచ్చును. స్వేచ్ఛ యను సంస్థవారు తెలుగు తెరతో గూడ దానిని సిద్ధపరచియున్నారు. అయితే ఆ పనిలో భయపడవలసిన ఘట్టము ఒక్కటే, డిస్కు విభజన.

డిస్కును మన నల్లరేగడి చేనుగా నూహింపుడు. చేనును గట్లు వేసి పంచినట్లే దీనిని విభాగములుగా పంచుదురు. ఏ విభాగ మెచ్చట మొదలై యెచ్చట ముగియునో తెలుపు పట్టిక డిస్కు మొదటనే యుండును. 1983 నాటి ఎంబీఆర్ పట్టికలో నాలుగు ముఖ్య విభాగములకే చోటు. నేటి జీపీటీ పట్టికలో సాధారణముగా 128కి తావు కలదు. జీపీటీ గల యంత్రములలో ఈఎఫ్ఐ యను చిన్న విభాగ మొకటి యుండును. యంత్రము మేలుకొనుట దానివలననే గనుక, విండోసును ఉంచుకొనదలచినవారు దానిని తుడువరాదు.

లినక్సునకు ఒక్క విభాగమైనను చాలును. అయినను వ్యవస్థకు రూట్ అనియు, మన దస్త్రములకు హోమ్ అనియు వేరువేరుగా నుంచుట మేలని నా యభిప్రాయము. వ్యవస్థను మరల నెలకొల్పవలసి వచ్చినప్పుడు రూట్‌ను మాత్రమే తుడిచినచో హోమ్ చెక్కుచెదరక నిలుచును. రూట్‌కు మరీ కొంచెము చోటిచ్చితిమా, అది నిండిపోయి హోమ్ ఖాళీగా నుండును. అప్పుడు గట్టు జరుపుట కష్టము.

నేను మొదటిసారి యీ పనికి పూనుకొన్నప్పుడు, డిస్కంతయు తుడిచివేయుమను గుర్తును చదువకయే నొక్కితిని. మా తల్లిగారు పాడిన క్రైస్తవ కీర్తనలు ఆరు అందులో నుండెను. ఆమె అప్పటికే ప్రభువునందు నిద్రించెను. హద్దురాళ్లు తీసినంతమాత్రమున మన్ను పోదు గదా! పట్టిక చెడినను, పైన క్రొత్తది వ్రాయనంతవరకు పాత దస్త్రము డిస్కుపై నుండును. టెస్ట్‌డిస్క్ అను ఉచిత సాధనము పోయిన హద్దులను వెదకును. దాని తోడిదైన ఫోటోరెక్ దస్త్రములను ఏరి తెచ్చును. కాని నేను అప్పటికే పైన లినక్సు వ్రాసితిని. రెండు కీర్తనలు మాత్రము దొరకినవి.

కావున ముందుగా దస్త్రములను వేరొక డిస్కునకు ఎక్కించి, అవి తెరచుకొనుచున్నవో లేదో చూడుడు. విండోసు విభాగమును విండోసులోనుండియే కుదింపుడు. కరెంటు పోవు వేళ ఆ పని పెట్టుకొనకుడు. స్థాపన తెరపై పెన్‌డ్రైవును, అసలు డిస్కును ప్రక్కప్రక్కనే కనబడును; పేరును బట్టి కాక పరిమాణమును బట్టి గుర్తుపట్టి, అటుపిమ్మట నొక్కుడు.